నేనే వచ్చేశాను

అమెరికా విమానాశ్రయం నుంచి వెనక్కి వచ్చిన పెద్దమనిషి చేత మళ్ళీ డీఎస్ 160 అనే వీసా దరఖాస్తు నింపించడం కంటే, పెళ్ళిలో అలిగిన బావగారిని బతిమాలి పంక్తిలో కూర్చోబెట్టడం తేలిక. నిన్న సాయంత్రం మా మామయ్యగారింట్లో జరిగిన గోల ఇంకా చెవుల్లోంచి పోలేదు.

జరిగింది ఇంతే. ఆయన విజిటర్ వీసా మీద టెక్సాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లకు రెండు రోజులు తక్కువగా ఉన్నారు. ఇంటికొచ్చి, దగ్గరుండి ఆవకాయ పెట్టించి, రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ విమానమెక్కారు. ఇచ్చిన గడువు ఏనాడూ దాటలేదు కదా అని ధీమా. అక్కడి అధికారి మాత్రం గడువు చూడలేదు, ఆ ఏడాదిలో ఇక్కడెన్నాళ్ళు, అక్కడెన్నాళ్ళు అని లెక్క కట్టాడు. దీన్ని చుట్టపుచూపు అనరు, కాపురం అంటారని తేల్చాడు. పక్కగదిలో కూర్చోబెట్టి, ప్రశ్నా జవాబూ టైపు చేసి, లోపలికి రానివ్వమన్న అర్జీని నేనే వెనక్కి తీసుకుంటున్నానని చెప్పే ఐ 275 అనే కాగితం మీద సంతకం పెట్టించుకుని, వీసా మీద రద్దు ముద్ర కొట్టి పంపేశారు.

కాలనీకి మాత్రం ‘అక్కడి చలి పడలేదు, నేనే వచ్చేశాను’ అని చెప్పారు. టెక్సాస్‌లో, అదీ జూన్ నెలలో.

ఇప్పుడు మళ్ళీ దరఖాస్తు. పేరూ ఊరూ పాస్‌పోర్టూ సాఫీగా గడిచాయి. గతంలో చేసిన అమెరికా ప్రయాణాల పేజీలో బండి ఆగింది. మీకెప్పుడైనా వీసా నిరాకరించారా, దేశంలోకి ప్రవేశం నిరాకరించారా, లేక ప్రవేశ ద్వారం దగ్గర మీ అర్జీని మీరే ఉపసంహరించుకున్నారా? మూడింటికీ కలిపి ఒకటే జవాబు: అవునో, కాదో.

“కాదు కొట్టు,” అన్నారు మామయ్య.

“అవును కొట్టాలండీ.”

“నన్నెవరూ నిరాకరించలేదు. నేనే వచ్చేశాను.”

ఆ కాగితం పెట్టిన చిక్కంతా ఇదే. వచ్చినవాణ్ణి పొమ్మన్నది వాళ్ళు, కాగితం మీద మాత్రం ‘నా ఇష్టపూర్వకంగా’ అని మనచేత సంతకం. అయినా నిజానికి అది మేలే. ఐ 860 చేతిలో పెట్టి పంపితే తక్షణ బహిష్కరణ కింద లెక్క, ఐదేళ్ళ నిషేధం, ఆలోపు వెళ్ళాలంటే ఐ 212 పెట్టి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఐ 275కి ఆ నిషేధం లేదు, మర్నాడే మళ్ళీ వీసా అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ళిష్టం. అందుకే భద్రతా ప్రశ్నల్లో ‘ఏ దేశం నుంచైనా బహిష్కరించారా’ అన్నచోట ఆయన ‘కాదు’ అనొచ్చు. ఈ పేజీలో మాత్రం ‘అవును’. ఇందులోనే ‘మీ వీసా ఎప్పుడైనా రద్దయిందా’ అని ఇంకోటి ఉంటుంది, దానికీ ‘అవును’. ఇక్కడ ‘కాదు’ అంటే పాత గొడవ పక్కకు పోయి, అబద్ధం చెప్పాడన్న కొత్త గొడవ మొదలవుతుంది. దానికి శాశ్వతంగా తలుపు మూసేస్తారు. పది వేళ్ళ ముద్రలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి మరి.

ఇది తెలియని కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్‌లో “డిపోర్ట్ కాదుగా సార్, నో పెట్టేయండి, ఎవడు చూస్తాడు” అని ఉచిత సలహా పారేశాడు. వాడికి ఇచ్చిన ఫీజు మాత్రం ఉచితం కాదు.

చివరికి ‘అవును’ నొక్కాం. నొక్కగానే కింద పెట్టె తెరుచుకుంది: వివరించండి.

వివరణా! మామయ్య కళ్ళు మూసుకుని “ఆనాడు వాతావరణం…” అని మొదలెట్టారు. వీడియో కాల్‌లో కూతురు “నాన్నా, వాతావరణం వద్దు, తేదీ రాయి, విమానాశ్రయం పేరు రాయి, వెనక్కి వచ్చేశానని రాయి, మూడు లైన్లు చాలు” అంది. అత్తయ్య వంటింట్లోంచి “ఆ పచ్చడి సీసా పారేసిన సంగతీ రాయించండి” అంది. మామయ్యకి ఆ అధికారి తనను కుర్చీలో కూర్చోమనకపోవడం రాయాలని పట్టుదల. ఆ రోజు ఇచ్చిన ప్రశ్నోత్తరాల నకలు తీయమంటే బీరువా అడుగున, పట్టుచీరల కింద నుంచి వచ్చింది. మనం రాసేది దానితో సరిపోవాలి, లేకపోతే ఇంటర్వ్యూలో ఆ తేడాయే అడుగుతారు. అందుకని పైకి చదవాల్సి వచ్చింది. ‘ఎంతకాలం ఉంటారు? – ఆర్నెల్లు. పోయినసారి? – ఆర్నెల్లు. మీ ఇల్లెక్కడ?’ అని చదువుతుండగా గుమ్మంలో పక్కింటి కామేశ్వరిగారు, చేతిలో మన గిన్నె.

“చలి అన్నారు కదండీ అన్నయ్యగారూ?”

మామయ్య పాత ఫ్రిజ్జు వంక చూశారు. అత్తయ్య గిన్నె అందుకుంది. కామేశ్వరిగారు వెళ్ళలేదు. కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా అడిగారు.

ఈ మర్యాదలన్నీ అయ్యేసరికి తెర మీద ‘సెషన్ గడువు ముగిసింది’. ఇరవై నిమిషాలు కదలిక లేకపోతే ఆ సైటు మూసుకుపోతుంది. పాత ఫారం తెరవాలంటే అప్లికేషన్ ఐడీ, ఇంటిపేరులో మొదటి ఐదక్షరాలు, పుట్టిన ఏడు, రహస్య ప్రశ్నకు జవాబు కావాలి. ప్రశ్న అమ్మమ్మ పేరు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి బుల్లమ్మ అనేవారట. కాగితాల్లో సీతమ్మ. ఇంగ్లీషులో ఎలా కొట్టారో మామయ్యకు గుర్తులేదు. ఒక ఈనా, రెండు ఈలా, హెచ్ ఉందా? కామేశ్వరిగారు కూడా రెండు రకాలు సూచించారు.

ఏదీ పడలేదు. కొత్త ఫారం, కొత్త నంబరు, వివరణ మూడు లైన్లు, రాత్రి పదకొండుకి సబ్మిట్. అప్పుడు గుర్తొచ్చింది. అపాయింట్‌మెంటు పాత నంబరు మీద ఉంది, రెండూ ఒకటి కాకపోతే నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో లోపలికి పంపరు. ప్రొఫైల్‌లో నంబరు మార్చాలి. ఆ పాస్‌వర్డు కన్సల్టెన్సీ కుర్రాడి దగ్గరుంది.

ఫోన్ చేస్తే, మార్చడానికి వేరే ఛార్జీ అన్నాడు.