బొమ్మ కొన్నవారి మాటే చెల్లింది

బొమ్మలు అమ్ముకోవడానికి తీసిన కార్టూన్‌కు అభిమానులేమిటని పెదవి విరిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పుట్టుక విషయంలో వాళ్ల మాట నిజమే. హాట్ వీల్స్ కార్ల పేరుతో 1969లో వచ్చిన కార్టూన్ మీద, ఇది కార్యక్రమం కాదు ప్రకటన అంటూ, అమెరికాలో టీవీ ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. 1980లలో అధ్యక్షుడు రీగన్ హయాంలో పట్టు సడలడంతో హీ-మాన్, ట్రాన్స్‌ఫార్మర్స్, మై లిటిల్ పోనీ లాంటి బొమ్మల కార్టూన్లు వరసగా టీవీకెక్కాయి. 1990లో చట్టం తెచ్చి పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకు గంటకు పదిన్నర నిమిషాలు, వారాంతాలు కాని రోజుల్లో పన్నెండు నిమిషాలు అని హద్దు పెట్టారు. బొమ్మ మీద తీసిన కార్టూన్ నడుస్తుండగా అదే బొమ్మ ప్రకటన వేయకూడదన్నారు. కార్టూనే ప్రకటన పని చేసిపెడుతుంటే ఆ నిషేధంతో ఎవరికి ఏం నష్టం?

అయితే పుట్టుక తెలిసినంత మాత్రాన బతుకు తెలిసినట్టు కాదు. ఈ సంగతి లక్షల మంది చేరిన అభిమాన సంఘాల కంటే, ఎవరూ పట్టించుకోని చిన్న గుంపుల్లో బాగా బయటపడుతుంది. నాకు తెలిసినంతలో అందుకు సరైన ఉదాహరణ 'లిటిలెస్ట్ పెట్ షాప్'.

ఇవి 1990ల మొదట్లో కెన్నర్ సంస్థ తెచ్చిన బుల్లి జంతువుల బొమ్మలు. ఆ సంస్థ హాస్బ్రో అనే పెద్ద బొమ్మల కంపెనీలో కలిసిపోయాక, 2005లో వాటి రూపం మారింది. ఒంటికి మించిన తల, ముఖానికి మించిన కళ్లు, వేలితో తాకితే ఊగే మెడ, పాదం అడుగున చిన్న అయస్కాంతం. హాస్బ్రో, డిస్కవరీ కలిసి పెట్టిన హబ్ చానల్‌లో 2012 నవంబరులో ఈ పేరుతో కార్టూన్ మొదలై, 2016 దాకా నాలుగు సీజన్లు, 104 ఎపిసోడ్లు నడిచింది. అప్పటికే అదే చానల్‌లో మై లిటిల్ పోనీ పెద్దవాళ్లను సైతం అభిమానులుగా మార్చుకుని పత్రికలకెక్కింది. రెండింటినీ తీసింది కెనడాలో, వాంకూవర్‌లోని ఒకే స్టూడియో, రెండింటి పాటలకూ బాణీలు కట్టింది డేనియల్ ఇంగ్రామే. పేరు మాత్రం ఆ పోనీ గుర్రాలకే దక్కింది.

కథ వినడానికి చిన్నదే. బ్లైత్ బాక్స్‌టర్ అనే అమ్మాయి పైలట్‌గా పనిచేసే తండ్రితో కలిసి ఓ పెంపుడు జంతువుల దుకాణం పైనున్న ఇంట్లోకి దిగుతుంది. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలాక జంతువుల మాటలు ఆమెకు అర్థమవుతాయి. దుకాణంలో పగలంతా గడిపే ఏడు జంతువుల్లో సునీల్ నేవ్లా అనే ముంగిస ఒకటి. అన్నింటికీ బెదిరిపోయే ఇంద్రజాలికుడు. వీధి దుకాణాన్ని మింగెయ్యాలని చూసే భారీ దుకాణమే కథలో ప్రతినాయక పాత్ర. ఇంత పెద్ద బొమ్మల కంపెనీ తన డబ్బుతో ఈ కథ చెప్పించుకోవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఈ కార్టూన్‌ను ప్రేమించిన కొద్దిమంది బొమ్మలు పెద్దగా కొన్నవాళ్లు కారు. ఆ జంతువులను మనుషులుగా మార్చి బొమ్మలు గీశారు, బ్లైత్ తల్లి గురించి తమ ఊహ కొద్దీ రాసుకున్నారు, ఏ పాట ఏ ఎపిసోడ్‌లో వచ్చిందో జాబితాలు కట్టారు. అదే పేరు కింద, వీళ్లకు దాదాపు సంబంధం లేని మరో లోకం ఉంది. ఎక్కువగా బడి ఈడు ఆడపిల్లలు, 2005 నాటి బొమ్మలను నిలబెట్టి, గొంతులు మార్చి మాట్లాడుతూ, యూట్యూబ్‌లో ధారావాహికలు తీశారు. స్నేహాలు, ద్రోహాలు, బడిలో పేరున్న పిల్లల అహంకారాలు, అన్నీ వేలెడు ప్లాస్టిక్ కుక్కల మధ్యే నడిచేవి. పొట్టి బొచ్చు పిల్లి, కాలీ, డాక్స్‌హుండ్, గ్రేట్ డేన్ జాతి కుక్కల బొమ్మలకు ఈ లోకంలో గిరాకీ ఎక్కువ. పాత బొమ్మ చేతికొస్తే పాదం తిప్పి అయస్కాంతం చూస్తారు, కంటి రంగు వేసిన తీరు పరిశీలిస్తారు. నకిలీని పట్టడంలో ఈ పిల్లలు నగల వర్తకులకు తీసిపోరు.

కార్టూన్ వచ్చినప్పుడు హాస్బ్రో బొమ్మలను కూడా దాని పోలికలోకి మార్చింది. ఈ రెండో లోకానికి అది నచ్చలేదు. తాము పాత్రలిచ్చి, పేర్లు పెట్టి ఆడించుకుంటున్న బొమ్మలకు కంపెనీ తన కథ తగిలించడం వాళ్లకు చొరబాటులా తోచింది. కార్టూన్ అభిమానులకేమో కథే సర్వస్వం. బొమ్మ రూపం ఎటు పోయినా వాళ్లకు పట్టింపు లేదు.

ఎవరి మాట నెగ్గిందో చూడండి. 2018లో కొత్త కార్టూన్ వచ్చింది. అందులో బ్లైత్ లేదు, పాత ఏడు జంతువులూ లేవు. జంతువుల లోకానికి పెట్టిన పేరు పావ్-టకెట్, అప్పట్లో హాస్బ్రో ప్రధాన కార్యాలయం ఉన్న పావ్‌టకెట్ ఊరి మీద చమత్కారం. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఆపైన బేసిక్ ఫన్ అనే సంస్థ హక్కులు తీసుకుని 2024లో బొమ్మలను మళ్లీ దించింది. తిరిగొచ్చింది 2005 నాటి తల ఊపే రూపమే. యూట్యూబ్ నాటకాల పిల్లలు ఎదిగి సంపాదనపరులయ్యారు, కంపెనీకి లెక్క కుదిరింది. కథను ప్రేమించినవాళ్లు ఏ అమ్మకాల పట్టికలోనూ లేరు కనుక వాళ్ల కోసం ఏదీ తిరిగి రాలేదు.

చిత్రమేమిటంటే బ్లైత్ పాత్ర కూడా ఇలా కొనేవాళ్లు బతికించిన బొమ్మే. వెనక తాడు లాగితే కళ్ల రంగు మారే ఈ బొమ్మను కెన్నర్ 1972లో తెచ్చింది. పిల్లలు ఆదరించక ఏడాదికే ఆగిపోయింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత న్యూయార్క్‌కు చెందిన జినా గరన్ తీసిన ఫొటోలు పుస్తకంగా రావడం, జపాన్‌లో టకారా అనే బొమ్మల సంస్థ దాన్ని మళ్లీ తయారుచేయడంతో పెద్దల సేకరణ వస్తువైంది. ఆ గిరాకీ లేకుంటే 2012 కార్టూన్‌కు ఈ నాయిక దొరికేది కాదు.

మన వైపు క్రమం తిరగబడింది. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో ఛోటా భీమ్‌ను ముందు తెరకెక్కించింది, బొమ్మలూ దుకాణాలూ ఆ వెనకే వచ్చాయి. అక్కడ పాత్ర పోతే సరుకూ పోతుంది గనుక కథను వదిలించుకోవడం అంత తేలిక కాదు.

అభిమానుల శ్రమను మరీ ఆకాశానికెత్తడం కూడా నాకు నచ్చదు. వాళ్ల జాబితాలూ చిత్రాలూ కంపెనీకి పైసా ఖర్చులేని ప్రచారం. హక్కులు మాత్రం కంపెనీవే. అయినా 2012లో ఆరేళ్ల పిల్లలుగా ఆ కార్టూన్ చూసినవాళ్లు ఇప్పుడు ఇరవై దరిదాపుల్లో ఉన్నారు. 2005లో ఆ వయసున్న బొమ్మల పిల్లలు కొనుగోలుదారులై తిరిగొచ్చింది పాతికేళ్ల ప్రాయంలో. ఇంకో అయిదారేళ్లలో ఆ ఏడు జంతువులూ బ్లైత్‌తో సహా ఏదో ఒక 'ప్రత్యేక సంచిక' పెట్టెలో అంగడి అరల మీద కనిపిస్తే నేను ఆశ్చర్యపోను. ధర మాత్రం పిల్లలకు అందేలా ఉండదు.