మనం రాయని ఫైలుకు మనమెందుకు జవాబు చెప్పాలి?

ఐఓఎస్ యాప్‌లు చేసేవాళ్లకు ఇది తెలిసిన గోలే. సెప్టెంబరులో కొత్త ఎక్స్‌కోడ్ (యాప్‌లు తయారుచేయడానికి ఆపిల్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) వస్తుంది. ప్రాజెక్టు తెరవగానే ఎడమ పక్కన పసుపు త్రికోణం, పక్కనే ‘అప్‌డేట్ టు రెకమెండెడ్ సెట్టింగ్స్’, అంటే సిఫార్సు చేసిన సెట్టింగులకు మారమని. మన యాప్ ప్రాజెక్టుకు వస్తే సరే, చూసుకోవాల్సిందే. కానీ బయటివాళ్ల కోడ్‌ను మన యాప్‌లోకి తెచ్చే కోకోపాడ్స్ అనే టూల్ తయారుచేసిన పాడ్స్ ప్రాజెక్టుకూ అదే వస్తుంది. దాన్ని మనలో ఎవరూ రాయలేదు. ‘పర్ఫార్మ్ చేంజెస్’ నొక్కితే పోతుంది. ఆ ప్రాజెక్టును మళ్లీ తయారుచేసే ‘పాడ్ ఇన్‌స్టాల్’ కమాండ్ కొట్టగానే తిరిగొస్తుంది.

ఇంత చిన్నదానికి ఎందుకు గొడవ అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఎక్స్‌కోడ్ 15కి మారినప్పుడు మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయికి మేమే చెప్పాం, ‘‘అదొస్తే నొక్కెయ్, పోతుంది’’ అని. ఆ అలవాటుతో మా యాప్ ప్రాజెక్టులో వచ్చిన దాన్నీ నొక్కేశాడు. ఆ మార్పుల్లో యూజర్ స్క్రిప్ట్ శాండ్‌బాక్సింగ్ కూడా ఉంది, అంటే బిల్డ్‌లో నడిచే స్క్రిప్టులు ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కట్టడి చేసే సెట్టింగు. అది ఆన్ అయ్యేసరికి ఫ్రేమ్‌వర్కులను యాప్‌లోకి కాపీ చేసే స్క్రిప్టుకు ఫైళ్లు ముట్టుకునే వీల్లేకుండా పోయింది. లాగ్ నిండా ‘శాండ్‌బాక్స్: ఆర్‌సింక్ డినై’. సాయంత్రం రిలీజ్ పెట్టుకుని రాత్రి దాకా కారణం వెతికాం. ఆ అబ్బాయి ముఖం చూస్తే నాకే బాధేసింది. తప్పు నేర్పిన మాది.

ఎక్స్‌కోడ్ ఇక్కడ చూసేది ప్రాజెక్టు ఫైల్లో ‘లాస్ట్‌అప్‌గ్రేడ్‌చెక్’ అనే నంబరు. 1430 అంటే 14.3, 1500 అంటే 15.0. అది పాతదైతే అడుగుతుంది. కాబట్టి పాడ్‌ఫైల్ (కోకోపాడ్స్‌కు మనం రాసిచ్చే ఫైలు) చివర, ఇన్‌స్టాల్ సమయంలో నడిచే పోస్ట్ ఇన్‌స్టాల్ బ్లాకులో పాడ్స్ ప్రాజెక్టుకు ఆ నంబరు వేసే లైను ఒకటి రాస్తే, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఆ ఎక్స్‌కోడ్ మళ్లీ అడగదు. ప్రాజెక్టు ఫైళ్లు తయారుచేసే మరో టూల్ సీమేక్ అయితే ప్రాజెక్టు తయారుచేసేటప్పుడే, వాడుతున్న ఎక్స్‌కోడ్ వెర్షన్ చూసి తనే వేసేస్తుంది. అదే పద్ధతి. ఫైలు ఎవరు రాస్తే జవాబు వాళ్లే చెప్పాలి.

కొందరు ఆ నంబరుగా 9999 పెట్టి, ఎక్స్‌కోడ్ ఎప్పటికీ అడగకుండా చేసి చేతులు దులుపుకుంటారు. పాడ్స్‌లోనే నాకది నచ్చదు, సొంత ప్రాజెక్టులోనైతే అసలు వద్దు. శాండ్‌బాక్సింగ్ లాంటిది ఆన్ చేయాలా వద్దా అని కూర్చుని ఆలోచించే అవకాశమే పోతుంది.

ఇప్పుడు మా పాడ్‌ఫైల్లో ఆ లైను పైన ఒక కామెంట్ ఉంటుంది: సిఫార్సులు ఎవరు చదివారు, ఏ తేదీన, ఏది వద్దనుకున్నాం, ఎందుకని. మొదటి ఎంట్రీ ఆ అబ్బాయి రాసిందే.