అమ్మేవారి మనోభావాలు దెబ్బతినకుండా పాత బండి కొనడం ఎలా?

సెకండ్ హ్యాండ్ బండ్ల లోకంలో ఈమధ్య ఒక అనాగరిక ధోరణి ప్రబలుతోంది. బండి చూడటానికి వచ్చినవాళ్లు నిజంగానే బండిని చూస్తున్నారు. కొందరైతే గొంతుక్కూర్చుని, జేబులోంచి టార్చి తీసి మరీ చూస్తున్నారు. గుమ్మంలోకి రాగానే మంచినీళ్లిచ్చి, "టీ తాగుతారా బ్రదర్" అని అడిగిన మనిషి బండిని అలా శంకించడం మన సంప్రదాయమేనా? తెలుగునాట పాత బండ్ల వ్యాపారమంతా మొహమాటం అనే సైడ్ స్టాండు మీద ఒరిగి నిలబడి ఉంది. దాన్ని తన్నేస్తే ఎవరి కాలి మీద పడుతుందో ఆలోచించరా? అందుకే అమ్మేవారి మనోభావాలు ఎక్కడెక్కడ, ఎంత లోతుగా గాయపడుతున్నాయో వివరంగా రాయక తప్పడం లేదు.

మొదటి గాయం ప్రకటన దగ్గరే తగులుతుంది. "సింగిల్ ఓనర్, షోరూం కండిషన్, 12,000 కి.మీ. మాత్రమే, అర్జంట్ సేల్, టైంపాస్ గాళ్లు దూరం." ఇది వచన కవిత. చదివి తరించాలి గానీ లెక్కలు కట్టకూడదు. కట్టేవాళ్లు కడుతున్నారు. ఎనిమిదేళ్ల బండి 12,000 తిరిగిందంటే రోజుకు నాలుగు కిలోమీటర్లు. అంటే ఆ యజమాని ఎనిమిదేళ్లపాటు వీధి చివరి టీ కొట్టు దాటి ఎక్కడికీ వెళ్లలేదన్నమాట. అలాంటి స్థిరచిత్తులు ఉండకూడదా? కానీ అపనమ్మకస్తులు మీటరు వదిలేసి గేరు రాడ్డు రబ్బరు చూస్తారు, బ్రేకు పెడలు అంచు చూస్తారు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్ గ్రిప్పులు, తాళంచెవి పళ్లు చూస్తారు. వెనక చక్రం దగ్గర చైను అడ్జస్టరు ఆఖరి గీత దాకా జరిగిందా అని వంగి చూస్తారు. మీటరుకు అబద్ధం నేర్పించవచ్చు. రబ్బరుకు ఆ తెలివి లేదు.

ఇక ఫొటోలో నంబరు ప్లేటు మీద బొటనవేలు ఉంటుంది. అది దిష్టి తగలకుండా పెట్టిన వేలు. ఫోన్ చేసి "అన్నా, బండి నంబరు చెప్తారా" అనడం పెళ్లిచూపుల్లో కూర్చుని అబ్బాయి జీతం స్లిప్పు అడిగినట్టు ఉంటుంది. నంబరు దొరికిందో, కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్లో కొడతారు. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ బయటపడతాయి. యజమాని పేరులో కొన్ని అక్షరాలు చుక్కల వెనక దాక్కున్నా, అమ్ముతున్న మనిషిది ఆ పేరేనా కాదా అన్నది పోల్చుకోవచ్చు. అక్కడితో ఆగకుండా చలాన్ల సైటుకి వెళ్తారు. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్ల పాత చలాన్లకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. మళ్లీ ఎప్పుడైనా ఇస్తారన్న ఆశతో భద్రంగా దాచుకున్న చలాన్లను, బండితోపాటు సారెలా ఉచితంగా ఇస్తామంటే వద్దనే హక్కు కొనేవాడికి ఎవరిచ్చారు?

కొందరు అమ్మకందార్లు మరీ సున్నిత మనస్కులు. వాళ్లు కంటికి కనిపించరు, బండీ కనిపించదు. డెబ్బై వేల బండి పాతిక వేలకే పెడతారు. ఫోన్ చేస్తే హిందీలో, ఎంతో మర్యాదగా, ఆర్మీలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని, బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉందని చెబుతారు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో వచ్చేస్తాయి. అవి ఎవరో నిజమైన జవాను దగ్గర కాజేసిన కాగితాలు కావచ్చని అనుకోవడం దేశభక్తి లేకపోవడమే. ముందు గేట్ పాస్‌కు రెండు వేలు. తర్వాత ట్రాన్స్‌పోర్టుకు, ఆ పైన జీఎస్టీకి. ప్రతిదీ తిరిగి వచ్చేదే, ప్రతిదీ ఆఖరిదే. చివరికి "మీ డబ్బు వాపసు ఇస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదనే కర్కశమైన నిజాన్ని ఆ క్షణంలో గుర్తు చేసుకోవడం, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఆ సొమ్ము ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపించడానికి ప్రయత్నించడం ఎంత నిర్దయ! బండిని కళ్లతో చూసి, చేత్తో తాకేదాకా రూపాయి బయానా కూడా ఇవ్వనని భీష్మించే వాళ్ల వల్ల ఈ రంగంలో ఎందరికో ఉపాధి పోతోంది.

సరే, బండి నిజంగానే ఉంది, అమ్మే మనిషికీ ఊరూ పేరూ ఉన్నాయి. ఇక వెళ్లే పద్ధతి. పెద్దమనిషి సాయంత్రం చీకటి పడ్డాక వెళ్తాడు. మొరటువాడు పొద్దున్నే వెళ్తాడు, పైగా "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందురోజే చెబుతాడు. వెళ్లగానే నమస్కారమైనా పెట్టకుండా ఇంజను మీద చెయ్యి పెడతాడు. వేడిగా ఉందనుకోండి, దాని అర్థం ఏమిటి? అతిథికి వేడన్నం వడ్డించినట్టు వేడి ఇంజను వడ్డించారు. అందులో తప్పు వెతుకుతారా? చల్లబడిన ఇంజనైతే ఎన్ని కిక్కులు తింటుందో తెలిసిపోతుంది, టైమింగ్ చైను మొదటి నిమిషంలో చేసే గలగల వినిపిస్తుంది, పొగ రంగు బయటపడుతుంది. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వస్తే అది నీటి ఆవిరి, పట్టించుకోనక్కర్లేదు. స్టార్ట్ చేసిన వెంటనే ఒక్క బుస్సు నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. ఎక్సలేటర్ తిప్పినంతసేపూ నీలంగా వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు పోయాయి, బండి బోరుకొచ్చింది, అంటే సిలిండరు పని చేయించాలి. ఆ పని వంద సీసీ బండికైనా వేలల్లోనే ఉంటుంది. అమ్మేవారు దాన్ని "చిన్న పని" అంటారు. (పాత ఆర్ఎక్స్ 100 కొనేవాళ్లు ఈ పేరా వదిలేయవచ్చు. పెట్రోలుతోపాటు ఆయిలు కాల్చే టూ స్ట్రోక్ అది. పొగ రాకపోతేనే ఆయిల్ పంపు సంగతి అడగాలి.)

ఇంజను బాగుందని తేలినా ఊరుకోరు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగుసార్లు కిందికి నొక్కి, ఫోర్కు గొట్టాల మీద ఆయిలు గీత కనిపిస్తోందా అని చూస్తారు. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ మెల్లగా తిప్పుతారు. సరిగ్గా మధ్యలో టక్కున ఆగి కదిలితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది. చైనును వెనక స్ప్రాకెట్ దగ్గర పట్టుకుని వెనక్కి లాగుతారు. పన్నులో సగం బయటికి కనిపించినా, పళ్లు కొడవలిలా వంగినా చైను సెట్టు మొత్తం మార్చాల్సిందే. చైను ఒక్కటే కొత్తది వేస్తే అరిగిన పళ్లు దాన్నీ తినేస్తాయి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 2021 మోడల్ బండికి 2017 టైరు ఉందంటే, పాపం, ఆ టైరు బండికన్నా ముందే పుట్టి దానికోసం ఎదురుచూసిందని అనుకోవాలి. సంస్కారహీనులు అలా అనుకోరు. ఇద్దరం కలిసి ఓ చీటీ రాద్దామంటారు, టైర్లకు ఇంత, చైను సెట్టుకు ఇంత, బ్యాటరీకి ఇంత అని. ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయమంటారు. బేరం అంటే "చివరికి ఎంతకిస్తారు అన్నా" అని వేడుకోవడం అనుకున్న అమ్మకందారుకు ఈ చీటీ చూశాక రాత్రి నిద్ర పడుతుందా?

కిందపడిన బండిని కిందపడిందని చెప్పడం కూడా అమర్యాదే. "స్టాండు సరిగా వేయక ఒకసారి ఒరిగింది, అంతే." కానీ ఒరిగిన బండికి లివరు చివర, ఫుట్‌రెస్టు, సైలెన్సరు మీద గీతలుంటాయి. హ్యాండిల్ ఎక్కువ తిరగకుండా ఆపే స్టాపరు నొక్కుకుపోవడం, ఫ్రేము మెడ దగ్గర వెల్డింగు ముద్ద, అక్కడొక్కచోటే తాజా పెయింటు స్టాండు వల్ల రావు. ఖాళీ రోడ్డు మీద నిదానంగా పోతూ చేతులు వదులు చేస్తే బండి ఒక పక్కకే లాగుతుంటే అది ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి. క్లచ్ ప్లేట్ల సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. అవి అరిగిపోయి ఉంటే, నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఎక్సలేటర్ పూర్తిగా తిప్పితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలనట్టే ఉంటుంది.

వరద బండ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అమ్మేవారి సున్నితత్వం పరాకాష్ఠకు చేరుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బండ్లూ ఉన్నాయి. వాటర్ సర్వీసింగ్‌కు డబ్బులిచ్చుకునే మనకు ఏరే ఇంటికొచ్చి సర్వీసింగ్ చేసిపోయింది. తర్వాత ఇంజను విప్పి, ఆయిల్ మార్చి, వైరింగ్ ఆరబెట్టి నిజాయతీగా చెప్పి అమ్మినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చెప్పనివాళ్ల బండికి మాత్రం కొన్ని చోట్ల జ్ఞాపకం మిగిలిపోతుంది. హెడ్‌లైటు డూమ్ లోపల సన్నటి బురద గీత. సీటు ఎత్తితే బోల్టులన్నిటికీ ఒకేలా తుప్పు. వైర్ల కనెక్టర్లు విప్పితే ఆకుపచ్చ పూత. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉంటుంది, నీళ్లు కలిశాయన్నమాట. బేరింగులు వెంటనే చెప్పవు, ఆర్నెల్లాగి చక్రంలోంచి కూస్తాయి. పెట్రోలు ట్యాంకు మూత తీసి, లోపల తుప్పుందేమో టార్చి వేసి చూడటం మరచిపోకండి. పొరపాటు, మరచిపోండి.

కాగితాల ఘట్టం వచ్చేసరికి అమ్మేవారి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పంపాక మళ్లీ అసలుది చూపించమనడం దేనికి? పైగా కాగితం, పెన్సిలు తెచ్చి, హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద కొట్టిన చాసిస్ నంబరుపై కాగితం పెట్టి రుద్దుతారు. పదిహేడు అక్షరాలూ అంకెలూ ఆర్సీతో ఒక్కొక్కటే కలుపుతారు. ఇంజను నంబరు కూడా చూస్తారు. అక్కడ గ్రైండరు పెట్టిన మెరుపు కనిపిస్తే టీ కూడా తాగకుండా వెళ్లిపోతారు. దొంగ బండి అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కొన్నవాడికీ వర్తిస్తుందట. అందుకే తెలుసుకోకపోవడమే మేలని మా పక్షం వాదన. పోలీసులు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే "లోను ఎప్పుడో అయిపోయింది" అనే మాట సరిపోదట. ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ, ఆర్సీలోంచి ఆ పేరు తీసేయించే ఫారం 35 కావాలట. యజమాని చనిపోయి కొడుకు అమ్ముతుంటే ముందు ఫారం 31తో బండి ఆ కొడుకు పేరు మీదికి రావాలట. హైదరాబాద్‌లో చవగ్గా దొరికిందని గుంటూరు తీసుకెళ్లేవాళ్లకు ఫారం 28 ఎన్‌వోసీ, పన్నెండు నెలలు దాటితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, దాంతోపాటు ఆంధ్రా లైఫ్ టాక్సు. చవక అక్కడే ఆవిరవుతుంది. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న బండికి "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది సార్" అంటారు. అది థర్డ్ పార్టీ మాత్రమే, అంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే, మీ బండికి సొట్ట పడితే పైసా రాదు. పాలసీ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి రాయాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినాయనతోనే వెళ్లిపోతుంది.

అన్నింటికంటే ప్రశస్తమైనది తేదీ వేయని సంతకాల పద్ధతి. పేరు మార్పిడికి కావలసిన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. అన్నిటి మీదా ఖాళీగా సంతకాలు పెట్టిచ్చి, "పేరు మీకు వీలైనప్పుడు మార్చుకోండి బ్రదర్" అంటారు. దీనంత ఔదార్యం ఎక్కడా చూడం. చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. సేల్ లెటర్ మీద తేదీతోపాటు టైము కూడా రాయించుకోవడం, రెండో తాళంచెవి ఇచ్చేదాకా ఆఖరి వెయ్యి ఆపడం లాంటివి కొనేవాళ్ల మొరటుతనం. సంతకాలు పెట్టినాయనకు అలాంటి అల్పబుద్ధి లేదు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో నష్టపరిహారం విషయంలో వారే యజమాని అని, చేతులు మారి మారి పోయిన ఒక కారు కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆయన చెవిన పడలేదు. బండి అప్పటికే ఆయన నుంచి కొన్నవాడి దగ్గర్నుంచి ఇంకొకడికి, వాడి దగ్గర్నుంచి వాడి బావమరిదికి చేరింది. ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఆయన ఫోన్ మోగుతుంది. ట్రిపుల్ రైడింగ్, హెల్మెట్ లేదు, సిగ్నల్ జంపింగ్. జతగా ఫొటో. అందులో ముగ్గురి మొహాలూ ఆయనకు తెలియవు. బండి మాత్రం షోరూం కండిషన్‌లోనే ఉంది.