కోరల్ షాపు నీలి లైటు గారికి

అయ్యా నీలి లైటు గారూ,

మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఇంటి అక్వేరియాలకు బతికున్న కోరల్స్ (పగడపు జీవులు) అమ్మే ఏ షాపులో చూసినా నీళ్ల తొట్టెల మీద మీ రాజ్యమే కదా!

మీ మహిమ అంతా ఇంతా కాదు. మట్టిరంగు కోరల్ కొమ్మ మీ కిందకు రాగానే చిలకపచ్చగా వెలుగుతుంది, అంచులకు నారింజ మెరుపొస్తుంది, పేరుకు ముందు ఓ బిరుదు చేరుతుంది. ఆపైన ధరకు రెక్కలు. తెల్ల లైటు వేస్తే అదే కొమ్మ శుద్ధ బ్రౌన్!

మీరు అబద్ధమాడుతున్నారని అనను. కోరల్ ఒంట్లోని ఫ్లోరసెంట్ ప్రొటీన్లు మీ నీలి కాంతిని మింగి పచ్చగానో ఎర్రగానో కక్కుతాయి. ఆ మెరుపు నిజమే. ఆ ఒంట్లోనే కాపురముండి తిండి పెట్టే సూక్ష్మ నాచు బ్రౌన్‌గా ఉంటుందన్న సంగతి మాత్రం మీరు పైకి రానివ్వరు. గులాబీ, ఊదా రంగుల కోరల్స్‌లో కొన్ని అసలు మెరవవు, తెల్ల వెలుగులోనే వాటి అందం. మీ దర్బారులో పాపం అవి నల్లమొహాలేసుకుని మూల కూర్చుంటాయి.

సముద్రం లోతుల్లోనూ మిగిలేది నీలి కాంతేనని మీ తరఫు వకీళ్లు వాదిస్తారు. నిజమే, నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. కానీ లోతు లేని రీఫ్ (పగడపు దిబ్బ) మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతుందని వాళ్లకెవరూ చెప్పినట్టు లేరు.

ఇక ఫోన్ కెమెరా మీకు తోడుదొంగ. మామూలుగా తీస్తే ఫోటో అంతా నీలం. లెన్సుకు నారింజ ఫిల్టర్ తగిలిస్తే మీరు తప్పుకుని మెరుపు మాత్రం రెట్టింపుగా కనిపిస్తుంది. "ఫిల్టర్‌తో తీశాం సార్, అసలు రంగు ఇదే" అంటారు. ఆహా!

అన్నిటికన్నా మంట పుట్టించేది ఇంకోటి. బ్రౌన్‌గా ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, నాచు దండిగా ఉందనుకోవచ్చు. అనుమానించాల్సింది పాలిపోయినదాన్ని, పల్చటి చర్మం కింద తెల్లటి అస్థిపంజరం కనిపించేదాన్ని. అడ్డుగా ఉండే నాచు పోయిందేమో, తీరా మీ కింద అందరికన్నా ధగధగలాడేది అదే! పైన పటారం, లోన లొటారం.

అందుకని చిన్న మనవి. బేరం కుదిరేలోపు కాసేపు విశ్రాంతి తీసుకోండి. తెల్ల లైటులో మొదలు దగ్గర చర్మం ఊడిందో లేదో, పాలిప్స్ అనే బుల్లి పూలలాంటి జీవులు విచ్చుకున్నాయో లేదో చూసుకుంటాం. మా ఇంటి తొట్టె లైటు ఎలాంటిదో దాన్నిబట్టి రంగు మేమే తేల్చుకుంటాం. తర్వాత మీ ఇష్టం, తెల్లార్లూ వెలగండి.

ఇట్లు,
తెల్ల స్విచ్ ఎక్కడుందని అడిగి షాపులో చెడ్డపేరు తెచ్చుకున్న ఓ కొనుగోలుదారు