ఆ మెసేజ్ నాకు పంపకండి, అందులో తిట్టింది నన్నే

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట చిన్నప్పటి స్నేహితుడు పంపాడు, తర్వాత చుట్టాల గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత రైతంటే తనకి చాలా గౌరవమని చెప్పే ఒక పెద్దాయన, ఇవాళ పొద్దున ఏకంగా నా దగ్గరే కూరగాయలు కొనే మనిషి. చివర్లో జోడించిన చేతుల బొమ్మ, "ప్రతి రైతుకీ చేరే వరకు షేర్ చేయండి" అని. చేరిందండీ, నాలుగుసార్లు చేరింది.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం, అందులో ఉన్నది ఇది. మన తాతలు ఏ మందులూ లేకుండా పండించి నూరేళ్లు బతికారట. యూరియా విషమట, దానివల్ల మట్టి చచ్చిపోయిందట, ఇక 60 పంటలే మిగిలాయట. కూరల్లో సత్తువ లేదట. రైతుకి విలువలు పోయి డబ్బు పిచ్చి పట్టిందట, అందుకే తన ఇంటికి వేరుగా పండించుకుని మనకి విషం అమ్ముతున్నాడట. కాబట్టి ఈ పంట నుంచే అన్నీ మానెయ్యాలి, మిగతాది భూమి తల్లే చూసుకుంటుంది.

తాతల సంగతి ముందు తేల్చేద్దాం. 1900 ప్రాంతంలో ప్రపంచంలో మనిషి సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు, ఇప్పుడు 70 దాటింది. నూరేళ్లు బతికిన తాత ఫొటో గోడ మీద ఉంటుంది, మూడేళ్లకే పోయిన ఆయన తమ్ముళ్లకి ఫొటోలు లేవు.

60 పంటల కథ కూడా చిన్నదే. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అధికారి ఒకరు, నేల ఇలాగే పాడవుతూ పోతే సాగుకి 60 ఏళ్లే మిగిలాయన్నారని వార్త వచ్చింది. దాని వెనక ఏ అధ్యయనం ఉందా అని వెతికినవాళ్లకి ఏదీ దొరకలేదు. ఆ తర్వాత నేను ఎన్ని పంటలు కోశానో, మెసేజ్‌లో లెక్క మాత్రం 60 దగ్గరే ఉంది. గడువు తరగని అప్పు ఇదొక్కటే చూశాను. కొన్నిచోట్ల పైమట్టి నిజంగానే కొట్టుకుపోతోంది, పోయిన అంగుళం మళ్లీ తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది, అది భయపడాల్సిన విషయమే. కానీ ప్రపంచంలోని నేలలన్నిటికీ కలిపి ఒకే ఎక్స్‌పైరీ తేదీ ఏమిటి?

కూరల్లో సత్తువ తగ్గిందన్న మాటలో కొంత నిజముంది. అమెరికాలో 43 తోట పంటల 1950, 1999 లెక్కలు పోల్చి 2004లో వెలువడిన పరిశోధనలో ప్రొటీన్, కాల్షియం, ఐరన్ లాంటి ఆరు పోషకాలు తగ్గినట్టు తేలింది. వాళ్లు ప్రధానంగా వేలు చూపింది మట్టి వైపు కాదు, ఎక్కువ కాపు కోసం ఏరుకుంటూ వచ్చిన రకాల వైపు.

ఇక యూరియా. అందులో 46 శాతం నత్రజని. పేడ ఎరువులో అర శాతం, అటూ ఇటూ. పేడలో ఉన్నదైనా సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియం గానో నైట్రేట్ గానో మార్చాకే వేరు తీసుకునేది ఎక్కువ. నువ్వు బస్తాలోంచి వచ్చావా, పశువుల కొట్టంలోంచి వచ్చావా అని వేరు అడగదు. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ చూస్తున్నారు. కొన్ని మడులకి రసాయన ఎరువే, ఒక మడికి పశువుల ఎరువు, ఒకదానికి ఏమీ వెయ్యరు. 180 ఏళ్లు దాటినా రసాయన ఎరువు మడులు చావలేదు, బాగానే పండుతున్నాయి. ఏమీ వెయ్యనిది హెక్టారుకి టన్ను దగ్గరే కొట్టుకుంటోంది. మెసేజ్ రాసినవాళ్లకి పనికొచ్చే ముక్క కూడా అక్కడే ఉంది, వాళ్లు చదవలేదు గానీ: పశువుల ఎరువు మడిలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన పేడా ఆకూ నేలలో మిగిల్చే సారం, రెండింతలు దాటింది, రసాయన ఎరువు మడుల్లో పెద్దగా పెరగలేదు.

అది నా పొలంలోనే కనిపిస్తుంది. గట్టు పక్కన, ఏళ్లతరబడి పెంట కుప్ప వేసిన చోట పార గుచ్చితే మడమతో తొక్కకుండానే దిగిపోతుంది. మట్టి గడ్డని పిసికితే అటుకుల్లా రాలిపోతుంది, లోపల వానపాము మెలికలు తిరుగుతుంది. ముప్ఫై అడుగులు నడిచి మధ్యలో గుచ్చితే పార టంగుమంటుంది. వాన పడితే పైన పొర కట్టి ఎండకి పలకలు పలకలుగా లేస్తుంది. అక్కడ పదిహేనేళ్లు నేను యూరియా తప్ప ఇంకేమీ వెయ్యలేదు. యూరియా విషం కావడం వల్ల కాదు ఆ నేల అలా అయింది, నా బద్ధకం వల్ల. బస్తా విప్పి చల్లడం సులువు, పెంట తోలడం నడుం విరిగే పని.

ఇప్పుడు అసలు నాకు ఒళ్లు మండే మాట. "ఈ పంట నుంచే మానెయ్యండి." ఎంత తేలిక! హెక్టారుకి 100 కిలోల నత్రజని కావాలంటే యూరియా 217 కిలోలు చాలు. పేడ ఎరువైతే 20 టన్నులు, అదీ కాగితం మీద, ఎందుకంటే అందులో మొదటి ఏడాది మొక్కకి అందేది కొంతే. ఆ 20 టన్నులు వెయ్యాలంటే పశువులు ఎన్ని ఉండాలి, వాటికి మేత ఎవరి పొలంలో పెరగాలి, ఆ పొలానికి ఎరువు ఎక్కణ్ణుంచి రావాలి, ఇవన్నీ జోడించిన చేతుల బొమ్మ చూసుకుంటుందా? పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు ఉంది, పప్పుజాతి పైర్లు గాల్లో నత్రజనిని వేరు బుడిపెల్లో పడతాయి, అవన్నీ నిజం, నేనూ చేస్తున్నాను. కానీ వాటికి కాలం కావాలి. నేల గుల్లబారి తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో దిగుబడి దిగుతుంది.

ఒక దేశం మొత్తం ఇదే పని చేసి చూసింది. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. అదే ఏడాది నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. ఈలోపే వరి దెబ్బతింది, తేయాకు దెబ్బతింది, తిండికి సరిపడా బియ్యం తనే పండించుకునే దేశం బయటి నుంచి కొనుక్కుంది. సేంద్రియం తప్పని కాదు, ఒక్క సీజన్లో అన్నది తప్పు.

దేశం సంగతి దూరమనుకుంటే మా పక్క పొలం కుర్రాడున్నాడు. కౌలు రైతు. ఇలాంటిదే ఏదో చూసి ఊగిపోయి అన్నీ ఒకేసారి ఆపేశాడు. నెల తిరక్కుండా కింది ఆకుల నుంచి పసుపు ఎక్కడం మొదలైంది, నత్రజని చాలనప్పుడు మొక్క పాత ఆకుల్లోంచి లాక్కుని కొత్త చిగురుకి ఇస్తుంది కాబట్టి. పంట సగమైంది, కౌలు మాత్రం సగం కాలేదు. ఆ మరుసటి ఏడు ఏం చేశాడో తెలుసా? భయంతో రెండింతల యూరియా చల్లాడు, ఇప్పుడు పేడ అని ఎవరన్నా అంటే నవ్వుతాడు. మట్టిని కాపాడమన్న మెసేజ్ చేసిన పని అది. అయినా ఏడాది కౌలు మీద ఉన్నవాడు పదేళ్లకి ఫలితమిచ్చే నేలని ఎందుకు పెంచుతాడు? వచ్చే ఏడు ఆ చేను తనది అవునో కాదో తెలియదు. భూమి తల్లి చూసుకుంటుంది సరే, అప్పు ఎవరు చూసుకుంటారు?

విలువల గురించి ఒక్క మాట. చిన్న పుచ్చు ఉన్న కాయని చేత్తో తిప్పి చూసి అవతల పడేసేది నేను కాదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. విలువలు నా చేలో పోయాయా, మీ ఫ్రిజ్‌లో పోయాయా, తీరిగ్గా వెతుక్కుందాం.

ఇక ఇంటికి వేరుగా పండించుకోవడం. దీనికి పెద్ద జవాబు తయారుచేసుకుని కూర్చున్నాను, రాయలేకపోతున్నాను, ఎందుకంటే అది నిజం. ఇంటి పక్క నాలుగు సాళ్లు నేను మందు కొట్టను. నాలుగు సాళ్లయితే పురుగుని చేత్తో ఏరెయ్యొచ్చు, నాలుగెకరాలైతే ఏరలేను, ఇది సగం కారణం. మిగతా సగం భయమే. మందు కొట్టాక కోతకి ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ధర బాగున్న రోజున, రేపటికి పడిపోతుందేమోనని, ఆ గడువు కాకముందే నేను కోయించిన సందర్భం ఉంది. ఒకసారి కాదు.

మెసేజ్‌లో ఈ ముక్క ఒక్కటే ఉండి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. కొనేటప్పుడు అడగండి నన్ను, మందు కొట్టి ఎన్ని రోజులైందని. ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. పొద్దున మెసేజ్ పంపినాయన కూడా, ఇవి కొంచెం వాడాయి, మెరిసేవి లేవా అన్నాడు.