గోడకూ తారుకూ మధ్య

ఉదయం ఎనిమిదిన్నర. కాలనీ మెయిన్ రోడ్డు మీద ఒక తాతగారు మనవడిని బడికి నడిపించుకుని వెళుతున్నారు. పిల్లవాడు గోడవైపు, తాను రోడ్డువైపు. పది అడుగులు వేశారో లేదో ఒక ఇంటి ర్యాంపు అడ్డం వచ్చింది. తారు మీదికి దిగారు. ర్యాంపు దాటితే కవరు కప్పిన కారు. అది కదిలి ఎన్నాళ్లయిందో చక్రాల పక్కన మొలిచిన గడ్డి చెబుతోంది. దాన్ని చుట్టి వచ్చారు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ ఇనుప కంచె, కంచెకు ఆనించి ఎవరో పోసిన ఇసుక. మళ్లీ తారు మీదికి. వెనక నుంచి స్కూలు బస్సు హారన్ మోగింది. తాతగారు పిల్లవాడి వేళ్లు వదిలి రెక్క పట్టుకున్నారు.

ఇది ఏ ఊరని అడగనక్కర్లేదు. హౌసింగ్ బోర్డు ఇళ్ల కోసం వేసిన కూకట్‌పల్లి కాలనీ రోడ్ల మీద ఇప్పుడు హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ కేంద్రాలు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీ, గుంటూరు బ్రాడీపేట, విజయవాడ పటమట ఏవీ దీనికి మినహాయింపు కావు. ఇళ్ల మధ్య రాకపోకల కోసం వేసిన రోడ్డు, పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ పెరిగేసరికి అడ్డదారి అయింది. అడ్డదారి అయ్యాక ఎవరూ దాన్ని తిరిగి ఇళ్ల రోడ్డు చేయలేదు. ఇలాంటి రోడ్డుకు నిధులు మంజూరైన ప్రతిసారీ కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఒకటే చర్చ: ఫుట్‌పాత్ వేయించుకోవాలా, ఆ స్థలం కూడా కలిపి తారు వేయించుకోవాలా? చాలాచోట్ల తారే గెలుస్తోంది.

ఫుట్‌పాతే వేయాలన్నది మా అభిప్రాయం. అయితే ఇప్పుడు వేస్తున్నట్టు మాత్రం కాదు.

ఈ చర్చలో మొదట వినిపించే మాట ‘స్థలం ఎక్కడుంది?’ అన్నది. ఒకసారి టేపు పట్టి చూద్దాం. లేఔట్‌లో నలభై అడుగుల రోడ్డు అంటే పన్నెండు మీటర్లకు కాస్త ఎక్కువ. ఎదురెదురుగా రెండు వరుసల వాహనాలు పోవడానికి ఏడు మీటర్లు చాలు. మిగిలిన ఐదు మీటర్లను రెండు వైపులా పంచితే చెరో రెండున్నర మీటర్లు. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ పాదచారుల కోసం 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా వదలాల్సిన కనీస వెడల్పు 1.8 మీటర్లు. అంటే దాదాపు ఆరు అడుగులు. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడినా తప్పుకుని పోగల స్థలం అది. అరవై అడుగుల రోడ్డయితే రెండు వైపులా ఫుట్‌పాత్, చెట్ల వరుస, కాలువ పోగా కొన్ని కార్లు నిలపడానికీ చోటు మిగులుతుంది.

లెక్కల్లో ఉన్న ఈ రెండున్నర మీటర్లు నేల మీద కనిపించకపోవడానికి కారణం ఉంది. గోడకూ తారుకూ మధ్య ఉన్న జాగాను ఎవరికి తోచినంత వారు, ఎవరికి అవసరమైనంత వారు కొద్దికొద్దిగా తీసుకున్నారు. ఒకరు పూలమొక్కలకు చిన్న కంచె కట్టారు. ఒకరు వాచ్‌మన్ కోసం రేకుల గది వేశారు. విద్యుత్ శాఖ స్తంభం పాతింది, ఇంటర్నెట్ కంపెనీ పెట్టె నిలిపింది. ఎవరూ దొంగలు కారు. అయినా జాగా పోయింది.

ర్యాంపుల విషయంలో మాత్రం ఇంటి యజమానులకు న్యాయం చేయాలి. తప్పంతా వారిది కాదు. కొత్త తారు వేసే ముందు పాత పొరను గీకి తీసేయాలి. మన దగ్గర చాలాచోట్ల ఆ పని చేయరు. పొర మీద పొర వేసుకుంటూ పోతారు. పదిహేనేళ్లలో రోడ్డు ఇంటి గడప కంటే ఎత్తయి కూర్చుంటుంది. వాన పడితే వీధి నీరు వాకిట్లోకి వస్తుంది. యజమాని ఏం చేస్తాడు? గేటు దగ్గర నేలను ఎత్తు చేస్తాడు, ఆ ఎత్తుకు కారు ఎక్కడానికి బయట ర్యాంపు కట్టిస్తాడు. మళ్లీ తారు పడుతుంది, మళ్లీ ర్యాంపు పెరుగుతుంది. ఈ పోటీలో ఓడిపోయేది నడిచే మనిషి. కాబట్టి ర్యాంపులు కూల్చడానికి జేసీబీ పంపే ముందు, పాత తారు గీకకుండా కొత్త తారుకు బిల్లు చెల్లించబోమని మున్సిపాలిటీ చెప్పగలగాలి.

రెండో మాట ఇంకా బలమైనది: ‘వేసినా జనం దాని మీద నడవరు.’ నిజమే, నడవరు. ఎందుకు నడవరో చూడాలంటే వేసినదాన్ని చూడాలి. మన ఊళ్లలో చాలాచోట్ల మురుగు కాలువ మీద స్లాబులు పరిచి దానికే ఫుట్‌పాత్ అని పేరు పెట్టారు. కాలువ ఎత్తును బట్టి అది అడుగు, ఒక్కోచోట అడుగున్నర ఎత్తు ఉంటుంది. మార్గదర్శకాల్లో ఉన్నది 150 మిల్లీమీటర్లు మించరాదని. అంటే ఆరు అంగుళాలు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల మనిషి అడుగున్నర గట్టు ఎక్కాలి, ఇరవై అడుగులు నడవాలి, గేటు వచ్చింది కనుక దిగాలి, గేటు దాటాక మళ్లీ ఎక్కాలి. మధ్యలో ఒక స్లాబు విరిగి ఉంటుంది, ఒకటి అసలే ఉండదు. కాలువలో పూడిక తీయడానికి లేపిన స్లాబును తిరిగి పెట్టడం ఎవరి బాధ్యతో తేలదు. వానాకాలం నీళ్లు నిలిస్తే ఏది స్లాబో ఏది గొయ్యో తెలియదు. ఇంతటి సాహసం కంటే తారు మీద బస్సు పక్కన నడవడమే నయమని మనిషి లెక్క వేసుకుంటే, ఆ లెక్క తప్పు కాదు. అది చూసి ‘ప్రజలకు ఫుట్‌పాత్ వాడే అలవాటు లేదు’ అని ఫైలులో రాసుకునే అధికారి ఒక్క పూట ఆ మెట్ల వరుస మీద నడిచి చూడాలి.

సరిగ్గా వేయడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఫుట్‌పాత్ గేటు దగ్గర దిగకూడదు. అది ఒకే మట్టంలో సాగాలి, కారే దాని మీదికి ఎక్కి దాటాలి. అంచున చిన్న వాలు ఇస్తే చాలు. ఇంటి వాలు ప్రహరీ లోపల ఉండాలి. స్తంభాలు, పెట్టెలు, చెట్లు అన్నీ తారు పక్కన ఒకే వరుసలో నిలవాలి. ఇప్పుడున్న కానుగ, వేప చెట్లను కొట్టనక్కర్లేదు. మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా మట్టి వదిలి, ఫుట్‌పాత్‌ను కొద్దిగా పక్కకు తిప్పవచ్చు. నీడ లేని ఫుట్‌పాత్ మీద ఏప్రిల్ మధ్యాహ్నం నడిచేవారెవరు? ద్విచక్ర వాహనాలు ఎక్కకుండా అడ్డు కడ్డీలు పెట్టేటప్పుడు చక్రాల కుర్చీ పట్టే సందు వదలాలి. ఈ చిన్న విషయం మరిచిపోయి, బైకును ఆపబోయి కుర్చీని ఆపిన చోట్లు నగరాల్లో చాలానే ఉన్నాయి.

డబ్బు చాలకపోతే రెండు వైపులా నాలుగేసి అడుగుల బొమ్మ ఫుట్‌పాత్‌లు వేసే కన్నా, బడి, బస్సు స్టాపు ఉన్న వైపు ఒక్కటే పూర్తి వెడల్పుతో వేయడం మంచిదని మేము భావిస్తున్నాం. అప్పుడు ఎదుటి వైపు వారు రోడ్డు దాటే చోట తారును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి వాహనాల వేగం తగ్గించాలి. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో తగిలిన మనిషి బతికే అవకాశం ఎక్కువ. యాభైకి చేరితే ఆ అవకాశం చాలా తగ్గిపోతుంది.

ప్రతి సందుకూ ఫుట్‌పాత్ కావాలని మేము అనడం లేదు. ఇరవై అడుగుల వీధిలో, ఆ వీధి వారి బండ్లు తప్ప మరేవీ రానిచోట, పిల్లలు క్రికెట్ ఆడుకునే చోట అది అనవసరం. అక్కడ అందరూ తారు మీదే నడవవచ్చు, వాహనమే ఒదిగి పోవాలి. మా మాటలన్నీ అడ్డదారిగా మారిన కాలనీ మెయిన్ రోడ్ల గురించే.

‘ఫుట్‌పాత్ వేస్తే బండ్లు వచ్చి పెట్టేస్తారు’ అన్నది మూడో అభ్యంతరం. ఇస్త్రీ బండి, కూరగాయల బండి, ఇడ్లీ బండి కాలనీకి అవసరం లేకపోతే అవి అక్కడ నాలుగు రోజులు కూడా నిలవవు. పొద్దున ఆ బండి దగ్గర కూరలు కొని, సాయంత్రం సమావేశంలో ఆ బండి మీదే ఫిర్యాదు చేయడం మనకు అలవాటే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలను ఏర్పాటు చేయమంది, అందులో కనీసం నలభై శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలంది. ఎక్కడ బండి ఉండవచ్చో, ఎక్కడ ఉండరాదో ఆ కమిటీ గీత గీయాలి. 1.8 మీటర్ల నడక దారిని వదిలి, చెట్ల వరుసలో చోటు ఇవ్వవచ్చు. రాత్రి తొమ్మిదికి పని ముగించుకుని హాస్టలుకు నడిచి వెళ్లే అమ్మాయిని అడిగితే చెబుతుంది, దీపం వెలుగుతున్న బండి ఉన్న మలుపు ఎంత ధైర్యమో.

పార్కింగు గురించి ఎక్కువ చెప్పం. సొంత కారుకు సొంత స్థలం చూసుకోవడం కొన్నవారి పని. ఇంటి కింద పార్కింగు కోసం అనుమతి తెచ్చుకున్న స్టిల్ట్ అంతస్తులో దుకాణం పెట్టి, కారును వీధిలో నిలిపి, ‘ఫుట్‌పాత్ వేస్తే మా కారు ఎక్కడ పెట్టాలి’ అనే ప్రశ్నకు ఈ పత్రిక దగ్గర జవాబు లేదు.

అసలు వేయాలా వద్దా అన్న ప్రశ్న ఇప్పుడు ఏ సంఘం ఇష్టానికో వదిలినది కూడా కాదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాలపై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. విరిగిన ఎముకలు అతికించే వైద్యుడు కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆ కేసులోనే 2025 మే 14న కోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. దివ్యాంగులు సైతం వాడుకునేలా అవి ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరులో, మోటారు వాహనాల చట్టం కింద పాదచారుల రక్షణకు నియమాలు రూపొందించాలని రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2023లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,72,890 మంది. వారిలో నడిచి వెళుతున్నవారు 35 వేలకు పైగా. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. 2016 లెక్కలో పాదచారుల మరణాలు 15,746.

ఇన్ని ఉన్నా తారే ఎందుకు గెలుస్తోంది? సంక్షేమ సంఘం సమావేశాన్ని ఒకసారి గమనిస్తే తెలుస్తుంది. ఆదివారం పదకొండు గంటలకు కమ్యూనిటీ హాలులో ఇరవై ముప్పై మంది కూర్చుంటారు. ఎక్కువమంది ఇంటి యజమానులు, ఎక్కువమందికి కారు ఉంది. వారి అభిప్రాయాలు నిజాయితీ లేనివని కాదు. ఆ రోడ్డు మీద రోజూ ఎక్కువగా నడిచేవారు మాత్రం ఆ హాలులో ఉండరు. నాలుగిళ్లలో పాచి పని చేసే ఆవిడ ఆ కాలనీలో ఉండదు, రెండు బస్సులు మారి వస్తుంది. హాస్టలు అమ్మాయికి సంఘంలో సభ్యత్వం లేదు. అద్దెకున్నవారిని చందా అడిగే రోజున తప్ప పిలవరు. బడి పిల్లలకు ఓటే లేదు. ఇక తాతగారు సభ్యుడే కావచ్చు, కానీ ఆ పూట ఆయన మనవడిని డ్రాయింగ్ క్లాసుకు తీసుకెళ్లి ఉంటారు. రోడ్డు మీద నడవనివారు చేతులెత్తి, నడిచేవారి స్థలాన్ని తారులో కలిపేయమని తీర్మానం రాస్తారు. కార్పొరేటర్ దాన్ని ప్రజాభిప్రాయం అంటాడు, ఇంజినీరు దాన్ని అంచనాల పత్రానికి జత చేస్తాడు.

అందుకే మున్సిపల్ కమిషనర్లకు మా సూచన ఒక్కటే. ఇలాంటి రోడ్డుపై నిర్ణయానికి హాలులో సమావేశం పెట్టవద్దు. బడి ఉన్న రోజు చూసి, ఉదయం ఎనిమిదిన్నరకు ఆ రోడ్డు మీదే పెట్టండి. కుర్చీలు, మైకు అక్కర్లేదు. కార్పొరేటర్, ఇంజినీరు, సంఘం అధ్యక్షుడు, ఇస్త్రీ బండి ఆయన, పనికి వచ్చే ఆవిడ అంతా కలిసి ఈ చివర నుంచి బడి గేటు దాకా గోడ పక్కనే నడవాలి. తారు మీదికి దిగాల్సి వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో ఒక గీత గీయాలి. సంఘం అధ్యక్షుడి ఇంటి ముందు వచ్చినా సరే.