అల్మారా అరబ్బీ మాట కాదు
అరబ్బీలో మాటల ముందు చేరే ‘అల్’తో (ఇంగ్లీషు ‘ది’ లాంటిది) మొదలవుతుంది కాబట్టి అల్మారా అరబ్బీ మాటేనని ఒక వ్యాసంలో తేల్చేశారు, అది సరికాదు. తలగడకు పోర్చుగీసువాళ్లు వాడే ‘అల్మొఫాద’ అరబ్బీదే, ఒప్పుకుంటాను. అల్మారా మాత్రం వాళ్ల ‘అర్మారియు’ నుంచి మనకొచ్చిన మాట. దాని తల్లి లాటిన్ ‘అర్మారియుమ్’. ‘అర్మ’ అంటే ఆయుధాలు, పనిముట్లు, అవి దాచే చోటన్నమాట. ఫ్రెంచి ‘ఆర్మ్‌వార్’ దీని తోబుట్టువే. పాత పోర్చుగీసులోనే ‘అల్మారియు’ అనే రూపం కనిపిస్తుంది. ఒకే మాటలో రెండు ‘ర’లు ఉంటే ఒకటి ‘ల’గా మారడం భాషల్లో మామూలే. మా అమ్మమ్మగారింట్లో గోడలో కట్టిన అల్మారా ఉండేది. తలుపు తీయగానే కలరా ఉండల వాసన, మడతపెట్టిన పట్టుచీరలు, అడుగున ఇత్తడి మరచెంబు. రోమన్లు కత్తులు దాచిన మాటలో అమ్మమ్మ చీరలు దాచుకుందని తెలిసిన రోజు నాకెంత సంతోషమో!